స్పానిష్ అన్న బోర్డు వెనుక ఏ ఊరి వంట? అమెరికా నగరాల్లో తపాస్ చిక్కుముడి

అమెరికాలో స్పానిష్ రెస్టారెంటుకు మొదటిసారి వెళ్లిన తెలుగువారు తోర్తియా తెప్పించుకుంటే చాలాసార్లు కంగుతింటారు. పుల్కాలాంటి రొట్టె వస్తుందనుకుని ఎదురుచూస్తే, బంగాళదుంప ముక్కలు కూరిన మందపాటి గుడ్డట్టు వస్తుంది. అది వేడిగా కూడా ఉండదు. వంటవాడు పొరబడ్డాడని పిలిచి చెబితే ఇబ్బంది పడాల్సింది మనమే. మెక్సికోలో తోర్తియా అంటే రొట్టె, స్పెయిన్‌లో తోర్తియా అంటే అట్టు. మాట ఒకటే, మధ్యలో ఒక మహాసముద్రం ఉంది.

చొరీసో అనే మాంసపు సాసేజ్ సంగతీ ఇంతే. మెక్సికన్ చొరీసో వండుకుని తినాల్సిన పచ్చి మాంసం. స్పెయిన్ చొరీసో చాలావరకు పొగ వాసన గల ఎర్ర మిరపపొడి పట్టించి ఆరబెట్టినది, కోసి నేరుగా తినేస్తారు. ఇక పానీయంతో నంజుకునే చిన్న చిన్న చిరుతిళ్లను చెప్పే తపాస్ అన్న మాట వినగానే మనకు దీపావళి టపాసులు గుర్తొస్తాయి. ఆ మాట చుట్టూ అమెరికాలో అల్లుకున్న గందరగోళం మాత్రం టపాసుల మోతకు తక్కువేమీ కాదు. మంచి స్పెయిన్ వంట దొరికే చోటు ఏదని అడిగితే పది మంది పది చోట్లు చెబుతారు. చాలాసార్లు ఆ పది మందీ వేర్వేరు వంటల గురించి మాట్లాడుతుంటారు.

స్పానిష్ అంటే భాషా, దేశమా?

ఒకప్పుడు ఉత్తరాదిలో నాలుగు దక్షిణాది భాషలవారినీ కలిపి మద్రాసీలనేవారు. ఆ లెక్కన ఉలవచారూ పుట్టూ బిసిబేళే బాత్ అన్నీ ‘మద్రాసీ భోజనమే’. అమెరికాలో స్పానిష్ అన్న మాటకూ ఇలాంటి గతే పట్టింది.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లోనో వాషింగ్టన్ హైట్స్‌లోనో స్పానిష్ ఫుడ్ అన్న బోర్డు కనిపిస్తే, లోపల దొరికేది ఎక్కువగా ప్యూర్టోరికో, డొమినికన్ వంట: అన్నం, చిక్కుడు గింజల పులుసు, నిదానంగా కాల్చిన పంది మాంసం, వేయించిన కూర అరటి. అక్కడ స్పానిష్ అంటే స్పానిష్ మాట్లాడేవారి వంట అని అర్థం. న్యూమెక్సికో రాష్ట్రంలో మరో తీరు. శాంటా ఫే నగరాన్ని స్పెయిన్ వలసవాదులు 1610లో నెలకొల్పారు. ఆ కాలపు కుటుంబాల వారసుల్లో చాలామంది నేటికీ తమను స్పానిష్ అనే చెప్పుకుంటారు. వారి వంట మాత్రం ఎరుపు, పచ్చ మిరపకాయల గుజ్జు మీద నడుస్తుంది. స్పెయిన్ నుంచి వచ్చిన మనిషికి అది బొత్తిగా కొత్త రుచి.

మూడో అర్థం, అంటే యూరప్‌లోని స్పెయిన్ దేశపు వంట, ఈ మూడింటిలో అమెరికాకు అతి తక్కువ పరిచితం. దేశంలోని హిస్పానిక్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న, జనాభాలో సగానికి పైగా మెక్సికో మూలాలవారు. స్పెయిన్ నుంచి నేరుగా వలస వచ్చినవారు వారితో పోలిస్తే గుప్పెడు. కాబట్టి ఊరూరా టాకో దొరుకుతుంది, తపాస్ దొరకదు.

పోనీ స్పెయిన్ వంట అయినా ఒకటేనా అంటే, కాదు. గలీసియాలో ఆక్టోపస్, అస్తూరియాస్‌లో ఆపిల్ సారా, వలెన్సియాలో అన్నం, కటలోనియాలో టమాటా రుద్దిన రొట్టె, అండలూసియాలో వేపుడు చేపలూ, గస్పాచో అనే చల్లని టమాటా సూపూ. ఒకే మెనూలో ఇవన్నీ ఉండటం తప్పేమీ కాదు, హైదరాబాద్ హోటల్లో రాయలసీమ రాగిసంగటీ గోదావరి పులసా పక్కపక్కన ఉండటం లాంటిదే. అయితే మాది ఉత్తర స్పెయిన్ బాస్క్ వంట, మాది గలీసియా వంట అని తన ప్రాంతం పేరు చెప్పుకునే రెస్టారెంటు, తానేం వండుతున్నదో తెలిసి వండుతోందనడానికి అది చిన్నదైనా ఆనవాలే.

మూత కథ

స్పానిష్‌లో తపార్ అంటే కప్పడం. తపా అంటే మూత. గ్లాసులోని షెర్రీ అనే దక్షిణ స్పెయిన్ వైన్‌లో ఈగలు పడకుండా పైన ఒక రొట్టె ముక్కో మాంసం ముక్కో పెట్టేవారనీ, అదే తపా అయిందనీ చెబుతారు. గాలికి ఇసుక పడకుండా ఒక రాజుగారి గ్లాసు మీద హామ్ ముక్క కప్పారన్న కథ ఉంది. ఆ రాజు పదో అల్ఫోన్సో అని కొందరు, పదమూడో అల్ఫోన్సో అని కొందరు అంటారు. ఇద్దరి మధ్యా ఆరు వందల ఏళ్ల దూరం ఉందంటే కథ ఎంత గట్టిదో తెలుస్తూనే ఉంది. మాట మూలం మూత అన్నంతవరకు నిజం, మిగతాది సరదా.

మనకు దీన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద కష్టం లేదు. కల్లుతో గుడాలు నంజుకోవడం తెలిసినవారికి తపా ఏమిటో సగం తెలిసినట్లే. గ్రనడా నగరంలో నేటికీ ఒక పానీయం కొంటే ఒక తపా ఉచితంగా వస్తుంది. లియోన్‌లోనూ ఆ ఆనవాయితీ ఉంది. చాలా ఇతర నగరాల్లో డబ్బు చెల్లించాలి. ఉత్తరాన సాన్ సెబాస్టియన్‌లో దీన్నే పించో అంటారు. రొట్టె ముక్క మీద చేపో గుడ్డో పెట్టి, జారిపోకుండా పుల్ల గుచ్చుతారు. కొన్ని బార్లలో చివర పుల్లలు లెక్కపెట్టి బిల్లు వేస్తారు.

కొలతలకూ పేర్లున్నాయి. ఒకటి రెండు ముద్దలైతే తపా, నలుగురు పంచుకునే పళ్లెమైతే రాసియోన్, అందులో సగమైతే మేదియా రాసియోన్. తోర్తియానే మూడు కొలతల్లోనూ అడగవచ్చు. అంటే తపాస్ అనేది ఒక వంటకాల జాబితా కాదు, ఒక కొలత. అంతకన్నా ఎక్కువగా ఒక తిరుగుడు. ఒక బారులో నిలబడి ఒక గ్లాసు, ఒక ముక్క, పక్క వీధిలోని మరో బారులో ఇంకో గ్లాసు, ఇంకో ముక్క. ఒకచోట రొయ్యలు బాగుంటాయి, మరోచోట పుట్టగొడుగులు. రాత్రి భోజనం తొమ్మిది, పది గంటలకు గానీ మొదలుకాని దేశంలో, పని వదిలాక ఆకలిని అప్పటిదాకా నెట్టుకొచ్చే ఏర్పాటు ఇది.

సముద్రం దాటాక లెక్క ఎందుకు మారింది?

అమెరికాలో ఈ తిరుగుడు కుదరదు. బార్లు అంత దగ్గరగా ఉండవు, చాలా ఊళ్లలో కారెక్కితే తప్ప రెండోదానికి చేరలేం. మద్యం లైసెన్సు ఖర్చుతో కూడినది, అద్దెలు మండిపోతుంటాయి. ఒక గ్లాసు తాగి వెళ్లిపోయే మనిషితో వ్యాపారం గిట్టదు. అందుకని తపాస్ బార్ అక్కడ కూర్చుని పూర్తి భోజనం చేసే రెస్టారెంటుగా మారింది. పది బార్లలో దొరికే పది ముక్కలూ ఒకే బల్ల మీదకు వచ్చాయి.

షికాగోలో 1985లో మొదలైన కఫే బబరీబా ఈ మార్పుకు తొలి ఉదాహరణల్లో ఒకటి. వాషింగ్టన్‌లో 1993లో హలేయో తెరుచుకుంది. అస్తూరియాస్‌లో పుట్టి, ఫెర్రన్ అద్రియా నడిపిన ఎల్ బుయీ అనే ప్రసిద్ధ స్పెయిన్ రెస్టారెంటులో పనిచేసి వచ్చిన వంటవాడు హొసే అంద్రేస్‌కు పేరు తెచ్చింది ఇదే. తర్వాత ఆయన విపత్తుల్లో అన్నం పెట్టే వరల్డ్ సెంట్రల్ కిచెన్‌ను 2010లో స్థాపించారు. చాలామందికి ఇప్పుడు ఆయన అలాగే తెలుసు.

ఖర్చు దగ్గరే ఎక్కువమంది తికమక పడతారు. ఒక లెక్క వేద్దాం. ధరలు లెక్క కోసం అనుకున్నవే. న్యూయార్క్‌లో ఇద్దరు కూర్చుని ఒక్కొక్కటి 14 డాలర్ల చొప్పున ఆరు పళ్లేలు తెప్పించుకున్నారు: 84 డాలర్లు. చెరి రెండు గ్లాసులు, గ్లాసు 13 డాలర్లు: మరో 52. మొత్తం 136. నగరంలో అమ్మకపు పన్ను 8.875 శాతం, అంటే సుమారు 12 డాలర్లు. టిప్పు 20 శాతం, మరో 27. చివరికి బిల్లు 175 డాలర్లు దాటింది. అదే గ్రనడాలో గ్లాసు 3 యూరోలనుకుంటే, ఇద్దరూ నాలుగు చోట్ల తాగినా 24 యూరోలు, ముక్కలు ఉచితం. చిన్న పళ్లేల పేరుతో దోచుకుంటున్నారన్న మాట ఈ తేడా చూసే పుడుతుంది.

రెండో వైపు వాదనా తీసిపారేసేది కాదు. గ్రనడాలో తపా ధర పానీయంలోనే కలిసి ఉంటుంది, తినేవారు చాలావరకు నిలబడే తింటారు, టిప్పు నామమాత్రం. న్యూయార్క్‌లో అదే ముక్క బల్ల, కుర్చీ, రెండు గంటల సమయం, వడ్డించేవారి జీతం అన్నీ మోస్తూ వస్తుంది. పైగా అమెరికాలో తపా పేరుతో వచ్చే పళ్లెం చాలాసార్లు స్పెయిన్‌లోని మేదియా రాసియోన్ అంత ఉంటుంది. పేరు చిన్నది, పళ్లెం అంత చిన్నది కాదు. ఆరు తెప్పించుకోవడమే ఎక్కువైన సందర్భాలూ ఉంటాయి.

ఈలోగా తపాస్ అన్న మాట స్పెయిన్ చేయి దాటిపోయింది. పంచుకుని తినే చిన్న పళ్లెం ఏదైనా తపాసే. ఇండియన్ తపాస్ అని బోర్డు పెట్టి పునుగులు నాలుగు పళ్లెంలో పేర్చి ఇచ్చే చోట్లూ వచ్చాయి. కాబట్టి బోర్డు మీద ఆ మాట ఉన్నంత మాత్రాన లోపల స్పెయిన్ ఉంటుందన్న హామీ లేదు. ఆ మాట లేకుండానే మంచి స్పెయిన్ వంట దొరికే చోట్లూ ఉన్నాయి.

గొర్రెల కాపరులు, చుట్టల కార్మికులు, వంటవాళ్లు

ఏ నగరంలో ఏమి దొరుకుతుందన్నది చాలావరకు ఆ ఊరికి ఎవరు వలస వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇడాహో రాష్ట్రంలోని బాయిసీ పేరు ఈ జాబితాలో ఎవరూ ఊహించరు. కానీ అక్కడ నగరం నడిబొడ్డున బాస్క్ బ్లాక్ అనే వీధి ఉంది. గొర్రెలు కాయడానికి వచ్చిన బాస్క్ యువకులు దిగిన వసతి గృహాలే దాని మూలం. వాటిలో ఒకటి ఇప్పుడు మ్యూజియంలో భాగం. ఆ వీధిలోని బార్ గెర్నికాది ఒక బాస్క్ పట్టణం పేరే. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో కూడా బాస్క్ భోజనశాలలు పుట్టాయి. పొడవాటి బల్లల మీద ముక్కూమొహం తెలియనివారంతా కలిసి కూర్చుని, పెద్ద గిన్నెల్లోంచి వడ్డించుకునే పద్ధతి వాటిది. తపాస్‌కు ఇది పూర్తిగా వ్యతిరేకం. వడ్డన మన పంక్తి భోజనానికి దగ్గర.

ఫ్లోరిడాలోని టాంపాలో కథ చుట్టల కర్మాగారాలతో మొదలవుతుంది. క్యూబన్లు, స్పెయిన్‌వారు, ఇటాలియన్లు కలిసి పనిచేసిన ఈబోర్ సిటీలో 1905లో కొలంబియా రెస్టారెంటు పుట్టింది. ఫ్లోరిడాలోకెల్లా పాతది. స్థాపకుడు క్యూబా నుంచి వచ్చినవాడు. అక్కడి వంటలో ఏది స్పెయిన్, ఏది క్యూబా అని గీత గీయడం వృథా ప్రయాస.

న్యూయార్క్‌లో పద్నాలుగో వీధి పడమటి భాగాన్ని ఒకప్పుడు లిటిల్ స్పెయిన్ అనేవారు. 1868లో ఏర్పడిన స్పెయిన్ వలసదారుల సహాయ సంఘం లా నసియొనాల్ చిరునామా ఆ వీధే. 2019లో హొసే అంద్రేస్ అద్రియా సోదరులతో కలిసి హడ్సన్ యార్డ్స్‌లో తెరిచిన పెద్ద ఆహారశాలకు మెర్కాదో లిటిల్ స్పెయిన్ అని పేరు పెట్టారు. పాత వీధి పేరు కొత్త భవనానికి ఎక్కిందన్నమాట. బ్రూక్లిన్‌లో 2012లో మొదలైన లా వారా మరో దారి పట్టింది. స్పెయిన్ వంటలోని యూదు, అరబ్ మూలాల మీద దృష్టి పెట్టింది.

న్యూజెర్సీ తెలుగువారికి దగ్గరలో ఉన్నది నెవార్క్‌లోని ఐరన్‌బౌండ్. ఎడిసన్‌లో రైలెక్కి నెవార్క్ పెన్ స్టేషన్లో దిగితే నడిచి వెళ్లేంత దూరం. పోర్చుగీసు, బ్రెజిల్ వారితో పాటు గలీసియా నుంచి వచ్చినవారు ఇక్కడ పెట్టిన రెస్టారెంట్లలో చిన్న పళ్లేలు వెతికితే నిరాశే. ఎండ్రకాయలూ రొయ్యలూ నత్తగుల్లలూ పచ్చని సాసులో ఉడికించిన మరిస్కాదా, గుట్టలా పసుపు అన్నం, కూజా నిండా సాంగ్రియా, అంటే పండ్ల ముక్కలు వేసిన వైన్. పెద్ద పళ్లేలు చూసి ఇది అసలు స్పెయిన్ కాదని పెదవి విరిచేవారున్నారు. కానీ పెట్టినవారు స్పెయిన్ వారే. అమెరికాలో నిలదొక్కుకోవడానికి ఆ తరం కనిపెట్టిన పద్ధతి అది.

వలసదారులతో నిమిత్తం లేకుండా వంటవాళ్ల వల్ల పేరొచ్చిన నగరాలు వేరు. ఫిలడెల్ఫియాలో 2005లో అమాదా తెరిచిన హొసే గార్సెస్ షికాగోలో పుట్టారు, తల్లిదండ్రులది ఈక్వడార్. రెస్టారెంట్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడు 2024లో తొలిసారి టెక్సాస్‌కు వచ్చినప్పుడు హ్యూస్టన్‌లోని బీసీఎన్ అనే స్పెయిన్ రెస్టారెంటుకు ఒక నక్షత్రం దక్కింది. ఆ పేరు బార్సిలోనాకు పొట్టి రూపం.

మెనూ మీద నాలుగు పేర్లు

తోర్తియాలో ఉండేవి గుడ్డు, బంగాళదుంప, ఆలివ్ నూనె, ఉప్పు. ఉల్లిపాయ వేయాలా వద్దా అని స్పెయిన్ రెండు వర్గాలుగా చీలి వాదించుకుంటుంది, మన పప్పుచారులో బెల్లం గొడవలాగా. ఇంత తక్కువ సరుకులున్న వంటలో లోపం దాచడానికి చోటుండదు. మధ్యలో కాస్త జారుగా ఉంటే అది పచ్చిగా ఉందని కాదు, చాలామందికి అలాగే ఇష్టం. చల్లారి ఉండటమూ పద్ధతే. రబ్బరులా సాగితే మాత్రం ఏ వర్గమూ సమర్థించదు.

హామోన్, అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ, రెండు రకాలు. సెర్రానో మామూలు తెల్ల పందిది. ఇబేరికో నల్ల ఇబేరియన్ జాతిది. సింధూర వృక్షాల కాయలు మేపి పెంచితే దానికి బెయోతా అని పేరు. అమెరికా పశు ఆరోగ్య నిబంధనల వల్ల ఇబేరికో ఆ దేశంలోకి చట్టబద్ధంగా 2007 చివరిలో గానీ రాలేదు. 2014 నుంచి స్పెయిన్‌లో నాలుగు రంగుల చీటీలు కడుతున్నారు: నూరు శాతం ఇబేరికో, కాయలు మేసినదైతే నలుపు, కాయలు మేసినా సంకరజాతిదైతే ఎరుపు, ఆరుబయట పెరిగి దాణా కూడా తిన్నదైతే ఆకుపచ్చ, కొట్టంలో దాణా తిన్నదైతే తెలుపు. మెనూలో ఉత్త ఇబేరికో అని రాస్తే అది వీటిలో ఏదైనా కావచ్చు. ధరలో తేడా మాత్రం చాలా పెద్దది.

మూడోది డబ్బా చేపలు. 15 డాలర్లు తీసుకుని డబ్బా మూత తీసి ఇచ్చారని కోపం తెచ్చుకునేవారు చాలామంది. స్పెయిన్‌లో, ముఖ్యంగా గలీసియాలో, డబ్బాలో నిల్వ చేసిన ఆల్చిప్పలూ సార్డీన్లూ చవక సరుకు కాదు. మంచి ఊరగాయ జాడీకి మనం ఇచ్చే గౌరవం వాటికి ఉంది. అయితే మామూలు డబ్బాకు కూడా అదే ధర వేసే చోట్లు లేవని చెప్పలేం.

ఇక పయేయా. అమెరికాలో పాయెల్లా అంటారు. ఇది వెడల్పాటి పెనం పేరు, వలెన్సియా వంట. అక్కడి పాత పద్ధతిలో కోడి, కుందేలు, రెండు రకాల చిక్కుళ్లు, టమాటా, కుంకుమపువ్వు ఉంటాయి. సముద్రపు సరుకుతో చేసేది వేరే రకం. రెండూ కలిపితే వలెన్సియావారు ముఖం చిట్లిస్తారు, చొరీసో వేస్తే ఇక చెప్పనక్కరలేదు. మన బిర్యానీలా పొడిపొడిగా పొరలుగా ఉండదు. పొట్టి గింజ బియ్యం, పలుచగా పరిచి, కలపకుండా ఉడికిస్తారు. అడుగున పట్టిన కరకరలాడే పొరను సొకర్రాత్ అంటారు. అమ్మమ్మలు గిన్నె గీకి ఇచ్చిన మాడు అన్నం రుచి ఎరిగినవారికి వర్ణించనక్కరలేదు. బియ్యం ఉడకడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకే అప్పటికప్పుడు వండే చోట మెనూలో కనీసం ఇద్దరికి, నలభై నిమిషాలు పడుతుందన్న మాట కనిపిస్తుంది. పది నిమిషాల్లో వచ్చిందంటే ముందే వండి పెట్టినదే. పసుపు రంగు చూసి మాత్రం ఏమీ తేల్చలేం. కుంకుమపువ్వు ఖరీదు భరించలేక స్పెయిన్ ఇళ్లలోనే రంగు పొడి వాడతారు.

అసలైనది అంటే ఎవరి అసలు?

స్పెయిన్ ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఐసెక్స్ విదేశాల్లోని స్పెయిన్ రెస్టారెంట్లకు ఒక గుర్తింపు ముద్ర ఇస్తుంది. సరుకులు, వంటకాలు, పద్ధతి స్పెయిన్‌వేనా అన్నది దాని చూపు. అలా కొలిస్తే సాంగ్రియా కూజాలతో నిండిన నెవార్క్ భోజనశాల వెనకబడుతుంది. సాంగ్రియా స్పెయిన్‌లో ఉన్నదే అయినా అక్కడివారు బారులో ఎక్కువగా అడిగేది వేరే. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో స్పెయిన్ మంటపం దాన్ని అమెరికన్లకు అలవాటు చేసిందంటారు. యూరప్‌లో 2014 నాటి నిబంధన ప్రకారం స్పెయిన్, పోర్చుగల్‌లలో తయారైనదానికే ఉత్త సాంగ్రియా అన్న పేరు చెల్లుతుంది.

ముద్రను సమర్థించేవారు, మాట విలువ నిలవాలంటే ఎక్కడో గీత గీయాలి అంటారు. వద్దనేవారు, నూట ఇరవై ఏళ్లు దాటిన టాంపా వంట తానే ఒక సంప్రదాయం కాదా అని అడుగుతారు. నాకు రెండో మాటే ఎక్కువ న్యాయంగా తోస్తుంది. కానీ సాన్ సెబాస్టియన్‌లో తిని వచ్చి ఆ రుచే వెతుక్కునే మనిషికి టాంపా చిరునామా ఇస్తే ఉపయోగం లేదు. ఇద్దరూ మంచి స్పానిష్ రెస్టారెంటు ఏదనే అడుగుతారు. అడుగుతున్నది ఒకటి కాదు.

షెర్రీ విషయంలో ఇలాంటి తగవు తక్కువ. ఫినో, మాంసానియా అనే తేలిక రకాలు సీసా తెరిచాక ఎక్కువ రోజులు నిలవవు. నాలుగైదు రకాల షెర్రీ చల్లగా ఉంచి గ్లాసుల్లో అమ్మే చోటుకు అవి తాగే జనం వస్తున్నారని అర్థం. ఆ జనం తినేవి కూడా ఎంచే తింటారు.

మాంసం తినని వారికి, కారం కోరేవారికి

స్పెయిన్ వంటింట్లో హామ్ ముక్కలు మన తాలింపు గింజల్లాంటివి. బఠానీల్లో, చిక్కుళ్లలో, పప్పులో ఎక్కడైనా పడతాయి. క్రోకేతాస్ చూడటానికి ఆలూ బోండాల్లా ఉన్నా లోపలి తెల్లని ముద్దలో చాలాసార్లు హామోనే ఉంటుంది. మాంచెగో జున్ను సంప్రదాయంగా గొర్రెపిల్ల కడుపులోని రెన్నెట్‌తో పేరబెట్టేది. పూర్తి శాకాహారులకు టమాటా రొట్టె, గస్పాచో, కాల్చిన వంకాయా మిరపల ఎస్కలివాదా ఉన్నాయి. సెవిల్ నుంచి వచ్చిన పాలకూర శనగల కూరలో జీలకర్ర కూడా పడుతుంది, తిన్నవారికి ఇల్లు గుర్తుకు రావచ్చు.

కారం మాత్రం ఆశించకూడదు. ధైర్యమైన బంగాళదుంపలని అర్థం వచ్చే పతాతాస్ బ్రావాస్ కూడా నాలుకను కొద్దిగా గిల్లి వదిలేస్తుంది. కాస్త పందెం లాంటిది పద్రోన్ మిరపకాయల పళ్లెం. నూనెలో బొబ్బలెక్కే దాకా వేయించి, రాళ్లుప్పు చల్లి ఇస్తారు. కొన్ని మంట, కొన్ని కాదు అని గలీసియాలో నానుడి. అమెరికాలో పద్రోన్ దొరకని చోట షిషితో అనే జపాన్ మిరపకాయలు వేస్తారు. వాటిలోనూ అప్పుడప్పుడు ఒకటి మండుతుంది. పక్క బల్లవారు నీళ్ల కోసం తడుముకుంటుంటే గుంటూరువారు అది తమ పళ్లెంలోకి ఎందుకు రాలేదా అని వెతుక్కుంటారు.